ఇల్లుబండిలో పైడక్క టీ

సాలూరు నుంచి భావనపాడు సముద్రానికి ఒక పూట ప్రయాణం. పొద్దున్న టిఫిను తిని బయల్దేరితే మధ్యాహ్నం ఆకలి వేసేసరికి ఇసకలో ఉంటాం. ఆ ఒడ్డున మా అక్క ఒక గ్లాసు టీ కాచుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది. దారి తప్పలేదు, ఇంజను మొరాయించలేదు, వానా రాలేదు. మరి ఎందుకు పట్టిందో చెబుతాను. ఈ వేసవిలో శుక్రవారం సెలవు కలిసొచ్చి, మంచాలూ పొయ్యీ ఉన్న బండి వేసుకుని ఎటైనా పోదామనుకునే వాళ్ళకి పనికొస్తుంది.

సాలూరు

మా అక్క పైడమ్మ భర్త అప్పలనాయుడు సాలూరులో లారీలకు బాడీలు కట్టే మేస్త్రి. నిరుడు విశాఖపట్నం వాళ్ళెవరో ఒక క్యాంపర్ వ్యానులో వెళ్తూ పంక్చరై బావ షెడ్డు ముందు ఆగారు. పంక్చరు వేసే మనిషిని పిలవమని వాళ్ళు అడిగితే, బావ లోపలికెక్కి మంచాల కింద టేపు పెట్టి కొలవడం మొదలెట్టాడు. ఆ తర్వాత పాత స్కూలు వ్యానొకటి కొన్నాడు. సీట్లు పీకించాడు. నాలుగు నెలల్లో రెండు మంచాలు, నీళ్ళ డ్రమ్ము, చిన్న సింకు, గ్యాసు పొయ్యి బిగించాడు. చేసింది లారీ మేస్త్రి కాబట్టి వెనక తలుపు మీద తామరపువ్వు, రెండు హంసలు వచ్చాయి. బంపరుకి నల్ల జడకుచ్చులు వేలాడాయి. దీన్ని టూరిస్టులకు అద్దెకివ్వాలని బావ ఆలోచన. అక్క దానికి ఇల్లుబండి అని పేరు పెట్టింది.

అద్దెకిచ్చే ముందు మూడు రోజులు మనమే తిరిగి చూద్దామన్నాడు. నా భార్యా పిల్లలూ సెలవులకి పుట్టింటికి వెళ్ళారు. విజయనగరంలో హైస్కూలు మాస్టారిని, నాలుగు ముక్కలు రాయగలను కాబట్టి దారిలో చూసినవన్నీ కాగితం మీద పెట్టి పాంప్లెట్ తయారుచేసే పని నాకు అప్పగించాడు.

అక్క మాత్రం బండెక్కే ముందు ఒక షరతు పెట్టింది.

"ఇటు సూడు. ముప్పయ్యేళ్ళయింది పెళ్ళయి. ఊరెళ్ళినానంటే పెళ్ళికో, సావుకో, పురిటికో. ఎల్లిన పెతీ సోటా వంటింట్లోకే. ఈ మూడ్రోజులూ నాను ఎవులింట్లోనూ అడుగెట్టను. నా బండిలో నాను తొంగుంటాను. సముద్రం సూసుకుంటా నా పొయ్యి మీద నా టీ నాను కాసుకు తాగతాను. మాటిస్తేనే ఎక్కుతాను."

బావ మాటిచ్చాడు. నేనూ ఇచ్చాను. అక్క అడిగిన దాంట్లో అతి ఏమీ లేదు. మగాడు చుట్టపు చూపుకి వెళ్తే మంచం వాలుస్తారు, ఆడది వెళ్తే కత్తిపీట వాలుస్తారు. అక్క చేతి పులుసుకి పేరుంది, ఆ పేరే ఆవిడ కొంప ముంచింది.

లారీ స్టాండు దగ్గర ఒక ముసలి డ్రైవరు బండి చుట్టూ తిరిగి, లోపల మంచం నొక్కి చూశాడు. "ముప్పయ్యేళ్ళు బండిలోనే తొంగున్నాను నాయుడూ. దీనికి డబ్బులెట్టి వచ్చీవోళ్ళు కూడా ఉన్నారేటి?" అన్నాడు. బావకి ఆ మాట నచ్చలేదు. నేను పాంప్లెట్‌లో రాయలేదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి, తర్వాత కథంతా దీని మీదే నడిచింది. లారీ అన్నాక నుదుటి మీద బోర్డు ఉండాలి కదా. బావ వ్యానుకీ రాయించాడు. పైన ఎర్ర అక్షరాల్లో శ్రీ అసిరితల్లి ప్రసన్న. దాని కింద పసుపు రంగులో 'యాళ్ల వారి బండి, సాలూరు'. అక్క చిన్నబుచ్చుకుంటుందేమోనని దాని కింద మా పుట్టింటి పేరుతో ఇంకో వరస, 'గెంబలి వారి ఆడపడుచు'. కిలోమీటరు దూరం నుంచి చదువుకోవచ్చు. బయల్దేరేటప్పుడు ముగ్గురమూ దాని ముందు నిలబడి ఫొటో కూడా దిగాం.

బొబ్బిలి

బొబ్బిలి పక్కన వీణలు చెక్కే ఊళ్ళో ఆగాం. పాంప్లెట్‌లో మొదటి మజిలీగా బాగుంటుందని నా ఉద్దేశం. అరుగు మీద కూర్చుని ఒక పెద్దాయన పనస దుంగను తొలుస్తున్నాడు. నేను వీణ గురించి అడుగుతుంటే ఆయన నా వెనకున్న బండిని చూస్తున్నాడు. లేచి వచ్చి లోపలి చెక్క మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఏ సెక్క?"

"మంచాలకి మద్ది. తలుపులకి పనస" అన్నాడు బావ.

"పనస తలుపులకేటి? పాడే సెక్కని తీసుకెళ్ళి తలుపు సేసినావు."

"మా తలుపులూ పాడతాయి. గతుకులో పడనీ సూడు."

ఇద్దరూ గంటసేపు ఆరిన చెక్క, ఆరని చెక్క గురించి మాట్లాడుకున్నారు. వీణ ఊసు మళ్ళీ రాలేదు. ఆయన మాకు చోడి అంబలి, అదే రాగి అంబలి, పోయించాడు. ఉల్లిపాయ నంజుకుని మూడు గ్లాసులు తాగాను. మా విజయనగరంలో ఇప్పుడు అదే అంబలి అద్దాల కొట్లో నలభై రూపాయలు. ఇక్కడ డబ్బులన్న మాట తీస్తే ఆయన ఉలి పక్కన పెట్టి నా వంక చూశాడు, జేబులోంచి చెయ్యి తీసేశాను.

అక్క చాలా హుషారుగా ఉంది. పై మంచమెక్కి కాళ్ళు చాపి కూర్చుని కిటికీ తెర పక్కకి తీసి, "ఒరే తమ్ముడూ, కొండలు ఎనక్కెల్లిపోతన్నాయి సూడు" అంది. యాభై దాటిన మనిషి. బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూసుంటుంది ఆ కొండల్ని. అప్పుడల్లా ఒళ్ళో ఎవరి పిల్లో, కాళ్ళ దగ్గర ఎవరి సంచో ఉండేది కాబోలు.

రాజాం దాటాక

రాత్రికి మడ్డువలస రిజర్వాయరు గట్టు మీద మకాం అనుకున్నాం. రాజాం దాటి కొంత దూరం వెళ్ళామో లేదో ఒక మోటారు సైకిలు హారను కొట్టుకుంటూ వెంటపడింది. ఏదో ఊడి పడిపోయిందని బావ బండి ఆపాడు. తెల్ల చొక్కా మనిషి దిగి, రొప్పుతూ వచ్చి బావ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మావా, బోర్డు సూసి తిరిగొచ్చీసినాను. యాళ్ల వారి బండి మా ఊరి ముందు నుంచి ఎలిపోతాదేటి? నానెవులో గుర్తుపట్టనేదా?"

పట్టలేదు. చివరికి తేలిందేమిటంటే, బావ పెదనాన్న మనవరాలి భర్త. ఊరు అక్కడికి రెండు కిలోమీటర్లు.

"ఇదిగో, మేం బండిలోనే ఉంటాం అల్లుడూ. మంచాలున్నాయి" అన్నాడు బావ.

ఆ అబ్బాయి మొహం మాడిపోయింది. "మాకిల్లు నేదేటి మావా? మా ఊరి గట్టు మీద మీరు బండిలో తొంగుంటే రేపు నాను టీ కొట్టు కాడికి ఎలగెల్తాను? సుట్టాల్ని రోడ్డు మీద తొంగోబెట్టినాడని అనరా?"

ఇక్కడ మా విజయనగరానికీ రాజాం వైపుకీ ఒక తేడా చెప్పాలి. మావైపు 'భోంచేసి వెళ్ళండి' అని మూడుసార్లు అంటారు. మూడోసారి అన్న గొంతుని బట్టి కూర్చోవాలో లేవాలో తెలిసిపోతుంది. ఈవైపు అనడాలు లేవు. ఆ అబ్బాయి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఇల్లు చేరిన పావుగంటకి వాకిట్లో బావకీ నాకూ రెండు నులక మంచాలు వాల్చారు. లోపల అక్క ముందు కత్తిపీట, దాని పక్కన పనసకాయ. "పిన్నీ, పనసపొట్టు కూర నువ్వే సెయ్యాల. నీ సెయ్యి పడితే ఆ రుసే వేరంట" అంటోంది ఆ అబ్బాయి భార్య. అక్క చేతులకి నూనె రాసుకుని నా వైపు ఒక చూపు చూసింది. కూర అద్భుతంగా ఉంది. ఆ మాట పైకి అనే ధైర్యం బావకీ లేదు, నాకూ లేదు.

నరసన్నపేట

రెండో రోజు ఎవరి ఊరి ముందూ ఆగకూడదని తీర్మానించుకున్నాం. దారిలో తాటిచెట్ల కింద ఒక ముసలమ్మ దగ్గర మాత్రం ఆగాం. ముంజలు డజను యాభై అంది. లేతవి ఏరబోతే నా చేతి మీద చిన్నగా ఒకటి వేసి, "ఏరితే వంద" అంది. ఏరలేదు. ఆవిడ ఏరి ఇచ్చినవే లేతగా ఉన్నాయి. ఆవిడకి చదువు రాదు, బోర్డు చదవలేదు, ఏ ఊరని అడగలేదు. బేరం అయ్యాక మా వైపు మళ్ళీ చూడలేదు కూడా. అక్కకి ఆవిడ ఎంతో నచ్చింది.

శ్రీకాకుళం బయట నుంచే హైవే పట్టుకుని సర్రున పోతుండగా వెనక తలుపు పాడటం మొదలెట్టింది. బావ నోటి చలవ అనుకున్నాం. చివరికి గడియ ఊడి, తలుపు తెరుచుకుని, అక్క కొత్త టీ గిన్నె హైవే మీద దొర్లింది. వెనక వస్తున్న లారీ దాన్ని తప్పించుకుంటూ మమ్మల్ని తిట్టుకుంటూ పోయింది. గిన్నె బతికింది, అంచు దగ్గర చిన్న సొట్ట. గడియ మాత్రం కొనక తప్పదు. నరసన్నపేటలో ఇనప సామాన్ల కొట్టు ముందు ఆపి, "రెండు నిముషాల్లో వచ్చీస్తాను. దిగొద్దు" అని బావ దిగాడు.

కొట్టాయన గడియ తీసిచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని బయటికొచ్చి, బండి నుదురు మెల్లగా కూడబలుక్కుని చదివాడు. "గెం-బ-లి వారి... ఒసే పైడీ, నువ్వేనేటే?"

ఈసారి తప్పు బావది కాదు, మాది. ఆయన మా అమ్మకి వరసకి తమ్ముడు, మాకు మావ. పాతికేళ్ళుగా చూడలేదు. ఆయన నరసన్నపేటలో కొట్టు పెట్టాడని మాకు తెలీదు. ఆయన మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అక్క కూడా పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో నేను అడగలేదు.

అది పెళ్ళిళ్ళ సీజను. మావ మనవరాలి పెళ్ళి దగ్గరపడింది, ఆ సాయంత్రమే పసుపు కొట్టడం. ఐదుగురు ముత్తైదువలు కావాలి. ఒకావిడకి జ్వరం. "నలుగురితో ఎలగరా దేవుడా అనుకుంటన్నాను. అసిరితల్లే బండెక్కించి పంపింది నిన్ను" అని అత్త అక్క చెయ్యి పట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా, అక్క చేతిలో నిజంగానే రోకలి పెట్టారు. ఆవిడ పోటుపోటుకీ వాకిట్లో కుర్చీలో ఉన్న బావ ఉలిక్కిపడ్డాడు. ఆ రాత్రికి మాకు మేడ మీద గది ఇచ్చారు. పాంప్లెట్‌లో రెండో రోజు కింద 'ముంజలు' అని ఒక్క మాట ఉంది.

కోటబొమ్మాళి గేటు

మూడో రోజు పొద్దున్న అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. పసుపు మరకలు పడ్డ చీర ఉతికి, పిండి, భుజాన వేసుకుని బండి ముందుకొచ్చి నిలబడింది. బోర్డు వంక చాలాసేపు చూసింది.

"ఇది ఎవులు రాయమన్నారు?"

"బండికి ఇంటిపేరు నేకపోతే అనాథలాగుంటాది కదే" అన్నాడు బావ.

"మూడ్రోజులు అనాథలాగ ఉందామనే కదా వచ్చినాను."

మట్టి పూసేద్దామని నేనన్నాను. అసిరితల్లి పేరు మీద మట్టి పూస్తావా అని ఇద్దరూ నా మీద పడ్డారు. చివరికి అక్కే తడి చీర మడత పెట్టి, అమ్మవారి పేరు పైకి కనబడేలా, కింది రెండు ఇంటిపేర్లూ మునిగేలా బోర్డుకి చుట్టి కట్టింది. ఆరినట్టూ ఉంటుంది, దాక్కున్నట్టూ ఉంటుంది.

కోటబొమ్మాళి దగ్గర రైలు గేటు పడింది. ఆ చుట్టుపక్కల బావకి చుట్టాలు లేని పల్లె లేదు. తువ్వాలు తలకి చుట్టి, ముక్కు దాకా లాక్కుని స్టీరింగు మీద వంగాడు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. సైకిలు మీద ఒకాయన కిటికీ పక్కన ఆగి, చీరని ఎగాదిగా చూశాడు.

"పెళ్ళిబండేటి?"

మా బావ జన్మలో అబద్ధం ఆడి ఎరగడు, అందుకే ఆడటం రాదు. "కాదు కాదు, సీరలు అమ్ముతాం" అన్నాడు.

గేటు దగ్గర ఆగిన ఆటోలోంచి నలుగురు ఆడవాళ్ళు దిగొచ్చారు. ఒకావిడ చీర అంచు పట్టుకుని, "తడిగున్నాదేటి?" అంది. ఇంకొకావిడ, "ఎంత?" అంది. బావ నా వైపు చూశాడు. నేను పేపరు వైపు చూశాను. "ఎనిమిది వందలు" అన్నాడు బావ. "పసుపు మరకలున్నాయి, మూడొందలిస్తాను" అందావిడ, ముడి విప్పబోతూ. విప్పితే రెండు ఇంటిపేర్లూ బయటపడతాయి. ఇంక అక్క పై మంచం మీంచి దూకినంత పని చేసింది.

"అమ్మా, అది మొక్కు సీర. అమ్మోరికి కట్టినాం. ముట్టుకోకూడదు."

నలుగురూ చేతులు తీసేసి, బోర్డు మీద అసిరితల్లి పేరు చూసి దణ్ణం పెట్టుకున్నారు. ఒకావిడ పది రూపాయల నోటు బంపరు మీద పెట్టి, దాని మీద రాయి పెట్టింది. గేటు లేచింది, నేను గబగబా దిగి నోటు తీసుకున్నాను. ఆ పది రూపాయలు మాత్రం టెక్కలి దాటే దాకా మా ముగ్గుర్నీ కుదురుగా కూర్చోనివ్వలేదు. చివరికి దారిలో కనబడ్డ గుడి హుండీలో వేశాకే బావ తువ్వాలు విప్పాడు.

భావనపాడు

సరుగుడు తోట దాటాక ఒక్కసారి సముద్రం. ఒడ్డున పడవలు, ఇసకలో పరిచిన వలల మీద ఎండుతున్న చేపలు, ఎవరికీ పట్టని ఎండ. బావ బండిని నీడలో, తలుపు సముద్రం వైపు ఉండేలా ఆపాడు. అక్క పొయ్యి ముందు నిలబడింది. గాలికి అగ్గిపుల్లలు ఆరిపోతుంటే బావ తువ్వాలు రెండు చేతులా చాపి గోడలాగ నిలబడ్డాడు. ఆరో పుల్లకి పొయ్యి వెలిగింది. సొట్ట గిన్నెలో నీళ్ళు మరిగాయి.

అక్క గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. అంతలో తల మీద ఖాళీ తట్టతో ఒకావిడ వచ్చి ఎదురుగా నిలబడింది. మత్స్యకారుల ఇంటి మనిషి, అక్క కంటే నాలుగైదేళ్ళు చిన్నది కావచ్చు.

"ఏ ఊరమ్మా మీది?"

అక్క ఆ ప్రశ్నకి మూడు రోజులుగా భయపడుతూ ఉంది కదా. "ఏ ఊరూ నేదు. ఈ బండే మా ఇల్లు" అంది.

ఆవిడ తట్ట దింపేసింది. "ఓలమ్మ, ఇల్లు నేదేటి? ఈ వయసులో? రండమ్మా మా ఇంటికి. రేకుల ఇల్లయినా నీడుంటాది. పదండి, సేపల పులుసు ఉన్నాది."

అని అక్క చెయ్యి పట్టుకుని లాగింది. ఊరు చెబితే చుట్టాలు లాక్కుపోతున్నారు, ఊరు లేదంటే పరాయి వాళ్ళు లాక్కుపోతున్నారు. టీ ఇసకలో సగం ఒలికింది. నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో అక్క మొత్తం కథ చెప్పేసింది. కత్తిపీట, రోకలి, మొక్కు చీర, అన్నీ. ఆవిడ మొదట నోరు తెరుచుకుని వింది. తర్వాత ఇసకలో చతికిలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక కొంగుతో కళ్ళు తుడుచుకుని చాలాసేపు బండి లోపలికి చూసింది.

"మా ఆడబడుసు పిల్లలతోటి సెలవులకి వచ్చినాది. ఇంట్లో పదకొండు మంది. సీకటితోటే లేసినాను. నడుం వాల్సడానికి జాగా నేదు, వాల్సినా పిలుస్తారు" అంది. తర్వాత మంచం మీది పరుపుని వేలితో నొక్కింది. "మెత్తగున్నాది."

"ఎవులైనా తొంగున్నారేటి దీని మీద?" అని కూడా అడిగింది.

"ఇంతవరకూ ఎవులూ తొంగోనేదు" అంది అక్క. మెట్టు మీంచి పక్కకి జరిగి, "ఎక్కు" అంది.

"సేపల వాసనమ్మా నాను."

"సముద్రం కాడ మరేటి వాసనొస్తాది? ఎక్కు. తొంగో."

నాలుగు నెలలు కట్టిన మంచం మీద, మూడు రోజులు మోసుకొచ్చిన పరుపు మీద మొదట పడుకున్న మనిషి ఆవిడ. పడుకోగానే నిద్రపోయింది. అక్క కిటికీ తెర లాగి, తలుపు దగ్గరగా వేసి, మెట్టు మీద కూర్చుని మిగిలిన సగం టీ తాగసాగింది.

కాసేపటికి ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, మా కోడలు ఇటొచ్చినాదేటి? తట్టెట్టుకుని వచ్చినాది. ఇంటికాడ అన్నం వొండాల."

తట్ట బండి పక్కనే ఉంది. అక్క కాలితో దాన్ని మెల్లగా బండి కిందికి తోసింది.

"ఎవులూ రానేదు తాతా" అంది.

బావ ఏదో అనబోయాడు. అక్క ఒక చూపు చూసింది, నోరు మూసుకున్నాడు. ముసలాయన వెళ్ళిపోయాక ఆడబడుచు వచ్చింది, తర్వాత ఇంకొకాయన వచ్చాడు. అందరికీ అక్క అదే మాట, అదే నెమ్మదితో చెప్పింది. పరీక్షలో కాపీ కొట్టి దొరకని పిల్లాడంత అమాయకంగా ఉంది ఆవిడ మొహం. మా అక్క ఇలా మెట్టు మీద కూర్చుని కాపలా కాస్తే నిద్రపోయిన మనిషి నేనూ ఒకణ్ణి, చిన్నప్పుడు. ఆవిడ నిద్రకి ఎప్పుడైనా ఎవరైనా కాపలా ఉన్నారా అంటే, నాకు గుర్తు రాలేదు.

గంట తర్వాత ఆవిడ లేచింది. "ఎంతమందొచ్చినారు?" అని అడిగింది. ముగ్గురన్నాం. జుట్టు ముడేసుకుని, తట్ట అందుకుని, కొంగున కట్టిన నాలుగు ఎండు చేపలు తీసి అక్క చేతిలో పెట్టింది. పేరు చెప్పలేదు. అక్క అడగలేదు.

సాలూరు చేరే దాకా అక్క పై మంచం మీద నిద్రపోయింది. బావ ప్రతి గతుకు దగ్గరా బండిని నడిచినంత మెల్లగా నడిపాడు. దారిలో మా పెద్దమ్మ కూతురి ఊరు తగిలింది. నేను చెప్పలేదు.

వారం తర్వాత నేను పాంప్లెట్ తీసుకుని వెళ్తే బావ నిచ్చెనెక్కి బోర్డు గీకుతున్నాడు. రెండు ఇంటిపేర్లూ పోయాయి, పైన అసిరితల్లి పేరు మిగిలింది.

"కింద బోసిగుందే. ఏదో ఒకటి రాయాల కదా. ఎవులి బండి అనుకుంటారు?" అన్నాడు బావ.

అక్క షెడ్డు గుమ్మంలో కూర్చుని సొట్ట గిన్నె తోముతోంది. తలెత్తకుండానే చెప్పింది.

"ఏటీ రాయకు. ఎవులికి నిద్దరొస్తే ఆళ్ళ బండి."